దుప్పటికి ఒక్క మాట

ఆ లాండ్రీలో అతణ్ణి కొలతబాబు అనేవారు. మెడలో తాడు కట్టిన స్టాప్‌వాచి, చేతిలో అట్ట, అట్టకు బిగించిన కాగితం, చెవి మీద పెన్సిలు. ఎవరు వంగినా ఎవరు లేచినా అతని బొటనవేలు వాచి మీద టక్కుమనేది. ఏ పని ఎంతసేపు పడుతోంది, అందులో ఏ కదలిక దండగ, దాన్ని తీసేస్తే ఎంత మిగులుతుంది అని తేల్చడం అతని ఉద్యోగం.

ఇస్త్రీ బల్ల దగ్గర పనిచేసే ముసలాయన్ని అందరూ తాత అంటారు. మొదటిరోజే ఆయన అడిగాడు.

"ఏం బాబూ, ఇప్పుడు తుమ్మాను. అదీ రాశావా?"

"రాయాలి తాతా. పని ఆగిన ప్రతిసారీ రాయాలి."

"సరేలే. రేపట్నించి ఇంటి దగ్గరే తుమ్మేసి వస్తా."

ఉద్యోగం అన్నమాటే గాని అది ఇంకా చేతికి చిక్కలేదు. మేనేజరు ముందే చెప్పాడు. "మూడు నెలలు చూస్తానోయ్. ఒక్క చోటైనా పని పెరిగినట్టు చూపించు. యజమానురాలు వచ్చి కళ్ళారా చూస్తుంది. ఆవిడ తలూపితే పర్మనెంటు. లేదంటే నీ వాచీ నువ్వు మెళ్ళో వేసుకుని ఇంటికి పోవచ్చు." ఈ నాలుగు ముక్కలు చెప్పడానికి ఆయనకు పొద్దుటినుంచి భోజనాల వేళ దాకా పట్టింది. మధ్యలో తను కుర్రతనంలో ఎలా పైకొచ్చాడో, తన మోకాలి నొప్పికి ఎవరెవరు ఏం మందు చెప్పారో కూడా వచ్చాయి. కొలతబాబు నిలబడి విన్నాడు. మేనేజర్లను కొలవమని అతనికి ఎవరూ చెప్పలేదు.

రెండు నెలలు గడిచాయి. ఉతికే యంత్రాలు వాటి పాటికి అవి తిరుగుతున్నాయి. తొందరపెడితే అవి వినవు. తాత కూడా అంతే. ఇక మిగిలింది ఆసుపత్రుల నుంచి, లాడ్జీల నుంచి వచ్చిన దుప్పట్లు మడతపెట్టే చోటు. అక్కడున్నది అతని సొంత వదినలిద్దరూ.

ఇల్లు లాండ్రీకి రెండు సందుల అవతల. ముగ్గురన్నదమ్ములదీ ఒకటే కాపురం. పెద్దన్నయ్య గోడలకు రంగులు వేస్తాడు. చిన్నన్నయ్య లారీ తోలుతాడు, ఇంటికొస్తే నిద్రపోవడానికే వస్తాడు. వదినలిద్దరూ ఒకే రోజు లాండ్రీలో చేరారు. అప్పట్లో ఒకే దువ్వెనతో తల దువ్వుకునేంత స్నేహం. తర్వాత ఒకరోజు కుక్కరు మీది విజిల్ కనపడకుండా పోయింది.

"కడిగినవాళ్ళని అడగాలి" అంది పెద్దవదిన.

"సర్దినవాళ్ళకి తెలియాలి" అంది చిన్నవదిన.

ఆ ఇంట్లో వాళ్ళిద్దరి మధ్యా అవే ఆఖరి మాటలు. కుక్కరు అటక ఎక్కింది. వాళ్ళు ఎడమొహం పెడమొహం అయ్యారు. ఒకరు వంటింట్లోకి వస్తే ఇంకొకరు పెరట్లోకి వెళ్ళేవారు.

అయినా ఇల్లు ఆగలేదు. వేళకు అన్నం ఉడికేది. కూరలో ఉప్పు సరిపోయేది. పెద్దవదిన కూతురు బడి నుంచి వేళకు వచ్చేది. గ్యాసు బండ అయిపోయే ముందురోజే కొత్తది గుమ్మంలో ఉండేది. కొలతబాబు ఇది చూసి మురిసిపోయేవాడు. పనులు కొలవడం నేర్పే చోట పరీక్ష పెడితే, మాట తగ్గితే పని పెరుగుతుందని రాసి, తన ఇంటినే ఉదాహరణగా చూపించాడు. దానికి మంచి మార్కులు వచ్చాయి కూడా.

అందుకే మడతల దగ్గర వదినల పెదవులు కదలడం చూసి అతను ఆశ్చర్యపోయాడు.

ఇద్దరూ దుప్పటి చెరో చివర పట్టుకుంటారు. సాగదీసి ఒక్క దులుపు దులుపుతారు. నిలువుగా రెండుగా మడుస్తారు. తర్వాత ఎదురెదురుగా నడిచివచ్చి కొసలు కలుపుతారు. ఒకరి చేతిలో కొసలు ఇంకొకరి చేతిలోకి పోతాయి. కిందికి వేలాడే మడతను వంగి అందుకుని మళ్ళీ వెనక్కి, మళ్ళీ ముందుకి. మొదటిసారి కలిసినప్పుడు ఒకరు, రెండోసారి కలిసినప్పుడు ఇంకొకరు ఏదో అనేవారు. మొహాలు చూసుకునేవారు కాదు. ఇద్దరి చూపూ దుప్పటి మీదే.

యంత్రాల రొదలో ఆ మాటలు వినపడవు. వినాలని అతను అనుకోలేదు కూడా. ఎంతసేపన్నది అతని పని, ఏమిటన్నది కాదు. కాగితం మీద ఒక గడిలో "ఎదురు నడక: వృథా" అని, పక్క గడిలో "సంభాషణ: వృథా" అని రాశాడు.

"రాయి మరిదీ, రాయి" అంది పెద్దవదిన అతని పక్కనుంచి పోతూ. "పెన్సిలు అరిగితే చెప్పు, చెక్కిస్తా."

వారం తిరిగేసరికి గోడకు రెండు చెక్కలు వచ్చాయి. ఒకటి షెడ్డుకి ఈ చివర, ఒకటి ఆ చివర. ఒక్కో చెక్కకు రెండేసి ఇనప క్లిప్పులు. దుప్పటి కొసలు క్లిప్పులకు తగిలించి, రెండో చివర చేత్తో పట్టుకుని, ఎవరికి వాళ్ళు ఒంటిగా మడత పెట్టుకోవచ్చు. అవతలి మనిషి కోసం ఆగక్కర్లేదు.

"మమ్మల్ని వేరు పెడుతున్నావా మరిదీ?" అంది చిన్నవదిన.

"వేరేముంది వదినా. మీరెలాగూ మాట్లాడుకోరుగా. ఎవరి మూల వాళ్ళకుంటే మీకే హాయి."

చిన్నవదిన చేతిలో దుప్పటి వంక చూసింది. అవతల పెద్దవదిన కూడా అదే దుప్పటి వంక చూసింది.

"హాయిగానే ఉంటుందిలే" అంది చిన్నవదిన.

నిజంగానే మడతలు పెరిగాయి. సాయంత్రానికి దొంతరలు కిటికీ అంచు దాటి పైకి లేచాయి. మేనేజరు వచ్చి చూసి, యజమానురాలికి ఫోను చేసి, అర్ధగంట సేపు క్లిప్పుల గురించే మాట్లాడాడు. వింటున్నవాళ్ళకు ఆ క్లిప్పులు ఆయనే కనిపెట్టినట్టు తోచింది. "వచ్చే సోమవారం ఆవిడ వస్తోందోయ్" అని కొలతబాబు భుజం తట్టాడు. ఆ రాత్రి అతను ఈల వేసుకుంటూ ఇంటికి వెళ్ళాడు.

కంచంలో అన్నం పెట్టారు. కూర లేదు.

"కూరేది వదినా?"

"నేను అన్నం వండాను" అంది పెద్దవదిన.

"నేనూ అన్నమే వండాను" అంది చిన్నవదిన పెరట్లోంచి, ఎవరికో చెబుతున్నట్టు.

రెండు గిన్నెల నిండా అన్నం. మర్నాడు రెండు కూరలు, అన్నం లేదు. ఆ మర్నాడు కూరలో ఇద్దరూ ఉప్పేశారు. పెద్దన్నయ్య ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, చేతికంటిన రంగు ఏదైనా కలిసిందేమోనని వేళ్ళు వాసన చూసుకున్నాడు. ఒకరోజు పిల్ల కోసం బడికి ఎవరూ వెళ్ళలేదు. టీచరు గేటు దగ్గర పిల్లతో పాటు కూర్చుంది. మర్నాడు ఇద్దరూ వెళ్ళారు. పిల్ల కుడిచెయ్యి ఒకరు, ఎడమచెయ్యి ఒకరు పట్టుకుని, ముగ్గురూ రోడ్డుకి అడ్డంగా ఒక్క మాట లేకుండా నడిచి వచ్చారు. వెనక సైకిళ్ళవాళ్ళు గంటలు కొట్టీ కొట్టీ విసిగిపోయారు.

"ఇన్నాళ్ళూ బాగానే జరిగిందిగా అన్నయ్యా. ఇప్పుడేమైంది?" అన్నాడు కొలతబాబు.

"నన్నడుగుతావేంరా. నాకు కంచంలో అన్నం కనపడేది, తినేవాణ్ణి" అన్నాడు పెద్దన్నయ్య.

చివరికి కొలతబాబు పెద్దవదిననే అడిగాడు. ఆవిడ గిన్నె తోముతూ, తోమడం ఆపకుండా చెప్పింది.

"ఏముంది. ఇంట్లో ఏది నిండుకుందో, ఎవరు ఏం చెయ్యాలో ఆ దుప్పటికి చెప్పేదాన్ని. విన్నవాళ్ళు వినేవాళ్ళు. వాళ్ళ సంగతి వాళ్ళూ దుప్పటికే చెప్పేవాళ్ళు. ఇప్పుడెవరికి చెప్పను, నీ క్లిప్పుకా?"

అతనికి తన కాగితం మీది రెండో గడి కళ్ళముందు ఆడింది. వృథా అని రాసింది తన కూర గురించి.

"పోనీ ఇంట్లోనే చెప్పుకోవచ్చుగా వదినా."

"ఇంట్లో మేం మాట్లాడుకోం కదయ్యా" అంది ఆవిడ, ఆ మాత్రం తెలీదా అన్నట్టు.

అయితే మధ్యలో తనే మాటలు మోస్తానన్నాడు. పెరట్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి పెరట్లోకి తిరిగాడు.

"రేపు నీళ్ళు పట్టడం నావల్ల కాదని చెప్పు" అంది పెద్దవదిన.

అతను వెళ్ళి, "వదినా, రేపు నీళ్ళు మీరు పట్టగలరా అని అడుగుతోంది" అన్నాడు.

"ఆవిడ అలా అడగదు. ఏమందో అదే చెప్పు" అంది చిన్నవదిన.

"రేపు ఆవిడ వల్ల కాదట."

"కాదట అందా, కాదు అందా?"

తిరిగి వెళ్తే పెద్దవదిన అడ్డుకుంది. "ఏంటి, అంత మెత్తగా చెప్పావు? వినపడిందిలే నాకు. నేనేం మెత్తగా అన్లేదు."

రెండు రోజుల్లో అతని కాళ్ళు లాగేశాయి. లాండ్రీలో ఏ మనిషీ అన్ని దండగ అడుగులు వేయగా అతను చూడలేదు. మాటల మోత మానేశాడు. క్లిప్పులు పీకేద్దామని ఒకసారి అనిపించింది. కాని సోమవారం ముందరే ఉంది. యజమానురాలు చూసి, తలూపి, కారెక్కి వెళ్ళిపోతే చాలు. ఆ తర్వాత ఏదో ఒకటి చెయ్యొచ్చు. అందాకా పస్తులుండడానికి సిద్ధపడ్డాడు. ఆదివారం బయట రొట్టె కొనుక్కుని, వీధిలో నిలబడి తిని, మూతి తుడుచుకుని ఇంట్లోకి వచ్చాడు.

సోమవారం యజమానురాలు వచ్చింది. పెద్దావిడ, చేతికర్ర, మెడలో కళ్ళద్దాల గొలుసు. పనివాళ్ళు పెద్దమ్మగారు అంటారు. ఆవిడ ఎక్కువ మాట్లాడదు. మాట్లాడే పనంతా మేనేజరు చూసుకున్నాడు. గుమ్మం దగ్గర మొదలుపెట్టి షెడ్డు సగం దాకా ఆపకుండా చెబుతూనే నడిచాడు. వెనకాల కొలతబాబు, ఉతికిన చొక్కా, కొత్తగా చెక్కిన పెన్సిలు.

ఈ చివర పెద్దవదిన, ఆ చివర చిన్నవదిన. దుప్పట్లు చకచకా మడతపడుతున్నాయి. యజమానురాలు కళ్ళద్దాలు పెట్టుకుని చూసింది. కొలతబాబు వాచి నొక్కాడు.

అప్పుడు పెద్దవదిన చెయ్యి ఆగింది.

ఆవిడ దుప్పటి చివర గుండెకు ఆనించుకుంది. తర్వాత గోడ మీది క్లిప్పు వంక చూసి, కాస్త గట్టిగా, "ఇదిగో క్లిప్పూ, పొద్దున పొయ్యి మీద పాలు పెట్టాను. దించినట్టు గుర్తు లేదు. ఎవరైనా దించితే బాగుండు" అంది.

రొదలో ఆ చివరకు వినపడలేదు. ఆవిడ మళ్ళీ ఇంకా గట్టిగా అంది. ఈసారి షెడ్డంతా వినపడింది.

ఆ చివర చిన్నవదిన చేతిలో దుప్పటి జారింది. ఆవిడ కూడా తన క్లిప్పు వైపే తిరిగి, "పెట్టినవాళ్ళే దించుతారనుకున్నా క్లిప్పూ. నేనెందుకు ముట్టుకుంటాను?" అంది.

"అయితే దించలేదన్నమాట" అంది పెద్దవదిన, క్లిప్పుతోనే.

తాత ఇస్త్రీపెట్టె వదిలేసి ముందుకొచ్చాడు. "అమ్మాయ్, ఇంట్లో ఎవరున్నారు?"

"ఎవరూ లేరు తాతా. ఆయన పనికి పోయారు."

"కిటికీలు వేసున్నాయా?"

"అది ఆ చివర క్లిప్పుకి తెలియాలి."

ఉతికేవాళ్ళు యంత్రాలు ఆపారు. ఆరేసేవాళ్ళు లోపలికొచ్చారు. పాలు పొంగితే మంట ఆరుతుందని ఒకరు, ఆరితే గ్యాసు నిండుతుందని ఒకరు, తమ పినతల్లి ఇంట్లో ఏమైందో చెప్పడానికి ఇంకొకరు. ఈలోగా తాత వదిలేసిన ఇస్త్రీపెట్టె కింద దిండు గలీబు పొగ కక్కింది. ఆ వాసనకు అందరూ పాలు మాడిన వాసన రెండు సందులు దాటి వచ్చిందనుకుని హడలిపోయారు.

మేనేజరు కొలతబాబు చెవిలో, "కదలకు. ఆవిడ చూస్తోంది" అన్నాడు.

కొలతబాబు యజమానురాలి వంక చూశాడు. వాచి వంక చూశాడు. అది ఇంకా తిరుగుతోంది. అట్టను మేనేజరు చేతిలో పెట్టి పరిగెత్తాడు.

రెండు సందులు ఎలా దాటాడో అతనికి తెలీదు. మెళ్ళో వాచి ఎగిరెగిరి గడ్డానికి కొట్టుకుంది. తలుపు తాళం తీసి వంటింట్లో పడ్డాడు. పొయ్యి మీద గిన్నె. గిన్నెలో పాలు. వేలు పెట్టి చూశాడు. చల్లగా ఉన్నాయి. పొయ్యి మర పూర్తిగా తెరిచే ఉంది. మంట లేదు, వాసన లేదు. బండ ఎత్తి చూస్తే చేతికి తేలిగ్గా వచ్చింది. పాలు కాగకముందే గ్యాసు అయిపోయింది.

కొత్త బండ గుమ్మంలో లేదు. తెప్పించమని ఎవరూ ఎవరికీ చెప్పలేదు కాబట్టి లేదు. అతను కాసేపు వంటింటి గడపమీద కూర్చుని ఊపిరి తీసుకున్నాడు. ఒకరికొకరు చెప్పుకోనందుకే ఇల్లు కాలబోయింది, చెప్పుకోనందుకే కాలకుండా బతికింది.

తిరిగి వచ్చేసరికి యజమానురాలు దుప్పట్ల మూట మీద కూర్చుని ఉంది. చుట్టూ పనివాళ్ళంతా. కుక్కరు విజిల్ దాకా కథ నడిచినట్టుంది.

"పాలు బానే ఉన్నాయి. గ్యాసే అయిపోయింది" అన్నాడు కొలతబాబు రొప్పుతూ.

"నాలుగు రోజుల్నించీ చెప్పాలనుకుంటున్నా బండ తేలికైందని" అంది చిన్నవదిన. "ఎవరికి చెప్పను?"

"అదంతా సరే" అంది యజమానురాలు. "ఆ విజిలు కొత్తది కొనుక్కోవచ్చుగా?"

పెద్దవదిన, చిన్నవదిన ఒకేసారి ఆవిడ వైపు తిరిగారు. ఇద్దరి నోటా ఒకే మాట వచ్చింది.

"కొత్తది కొంటే పాతది ఎవరు పోగొట్టారో తేలదు కదండీ."

యజమానురాలు ఆలోచించింది. అదీ నిజమే అన్నట్టు తలూపింది. కొలతబాబు ఎదురుచూసిన తలూపుడు అది కాదు.

మేనేజరు అతణ్ణి పక్కకు లాగాడు. "పని చెడింది వీళ్ళవల్ల, క్లిప్పువల్ల కాదు. అదే చెప్పు. ఒకావిణ్ణి రాత్రి షిఫ్టులో ఉతికే చోటికి మార్చేద్దాం. క్లిప్పు నిలబడుతుంది, నీ ఉద్యోగం నిలబడుతుంది, నా మాట నిలబడుతుంది. నేనొచ్చిన కొత్తల్లో ఇలాంటిదే ఒకటి జరిగింది, అప్పుడు నేనేం చేశానంటే..."

కొలతబాబు ఆ కథ వినలేదు. రాత్రి షిఫ్టు గురించి ఆలోచించాడు. ఒకరు వెళ్ళే వేళకు ఒకరు వస్తారు. దుప్పటి దగ్గరే కాదు, గుమ్మం దగ్గర కూడా కలవరు. ఆ ఇంట్లో ఇక ఉప్పు వేశానన్న మాట కూడా ఎవరి నోటా రాదు.

"ఏమబ్బాయ్" అంది యజమానురాలు. "కొలిచేది నువ్వేగా. ఏం తేలింది?"

అతను మేనేజరు చేతిలోంచి అట్ట తీసుకున్నాడు. చెమట చేత్తో పట్టుకుంటే కాగితం తడిసింది.

"నేను రాసింది తప్పండి. వాళ్ళు మాట్లాడుకునేది వృథా అని రాశాను. అది వృథా కాదు. మా ఇల్లు నడిచేదే దానిమీద. క్లిప్పులతో మడతలు పెరిగినమాట నిజమే. కాని ఇద్దర్నీ మళ్ళీ ఒక దుప్పటికే పెట్టాలండి."

మేనేజరు నెత్తి కొట్టుకున్నాడు. వదినలిద్దరూ నేల చూశారు.

"మళ్ళీ పెడితే మాట్లాడుకుంటారుగా?"

"మాట్లాడుకుంటారండి."

"ఎంతసేపు?"

"మనిషికి దుప్పటికి ఒక్క మాటండి. కొసలు కలిసినప్పుడు ఒకరు, మడత కలిసినప్పుడు ఒకరు."

"ఒక్క మాటేనా?"

"ఒక్క మాటే. అంతకంటే చెప్పుకోరు. వాళ్ళకి మాటల్లేవు కదండీ."

యజమానురాలు కర్ర మీద గడ్డం ఆనించి షెడ్డంతా కలయచూసింది. ఆపిన యంత్రాలు, మాడిన గలీబు, పనులు మాని నిలబడ్డ మనుషులు. చివరికి ఆవిడ చూపు మేనేజరు మీద ఆగింది.

"పొద్దున గుమ్మం దగ్గర మొదలెట్టారు మీరు" అంది. "మీరు మాట్లాడిన సేపట్లో ఎన్ని దుప్పట్లు మడతపడేవి?"

మేనేజరు దొంతరల వైపు తిరిగి వేళ్ళ మీద లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

"దుప్పటికి ఒక్క మాటతో సరిపెట్టుకునేవాళ్ళు నా షెడ్డులో ఇద్దరే ఉన్నట్టున్నారు. వాళ్ళని అక్కడే ఉండనివ్వండి." ఆవిడ లేచింది. "నీ పర్మనెంటు సంగతి ఇప్పుడే చెప్పలేనబ్బాయ్. ఇంకో మూడు నెలలు కొలువు."

"ఏ పని కొలవమంటారండి?"

"మేనేజరు గారిని కొలువు."

ఇస్త్రీ బల్ల దగ్గర తాత తుమ్మాడు. తుమ్మో నవ్వో ఎవరికీ తెలియలేదు.

మర్నాటికి క్లిప్పులు అలాగే గోడకు ఉన్నాయి. ఒకదానికి తాత కోటు వేలాడుతోంది. మధ్యలో వదినలిద్దరూ చెరో చివరా దుప్పటి పట్టుకుని ఉన్నారు. ముందురోజు మధ్యాహ్నమే మళ్ళీ ఒక దుప్పటి పట్టారు కాబట్టి, రాత్రి ఇంట్లో కూర ఉంది, అన్నం ఉంది, కొత్త బండ గుమ్మంలో ఉంది. అయితే కొలతబాబుతో మాత్రం ఇద్దరూ మాట్లాడలేదు. తమ మాటల్ని వృథా అని కాగితమ్మీద రాశాడని షెడ్డులో అందరికీ తెలిసింది కదా. కంచం పెట్టారు, వడ్డించారు, అంతే.

అతను మేనేజరు గది వైపు పోతూ వాళ్ళ దగ్గర ఆగాడు. కొసలు కలిశాయి.

"ఇంట్లో వాచీ ఉన్నవాళ్ళు ఒకరున్నారు" అంది పెద్దవదిన దుప్పటితో. "సాయంత్రం వచ్చేటప్పుడు గుడ్లు తెస్తే చేతులేం అరిగిపోవు."

మడత కలిసింది.

"తెచ్చినా పగలకుండా తేవాలి" అంది చిన్నవదిన.

కొలతబాబు అటూ ఇటూ చూశాడు. ఎవరూ గమనించడం లేదనుకున్నాక, దుప్పటి మీదికి కాస్త వంగాడు.

"ఎన్ని తేవాలి?" అన్నాడు దుప్పటితో.

అప్పటికే ఆ దుప్పటి దొంతర మీదికి పోయింది. వదినలిద్దరూ ఇంకోటి తీసుకుని దూరంగా జరిగారు, సాగదీశారు, పటక్కున దులిపారు. జవాబు రావాలంటే కొసలు మళ్ళీ కలవాలి. అవతల గదిలో మేనేజరు ఎవరికో ఏదో చెప్పడం మొదలుపెట్టాడు, అది కొలవాల్సిన పనే. కొలతబాబు వాచి జేబులో వేసుకుని అక్కడే నిలబడ్డాడు.